వంగితేనే వచ్చే పాట

త్రిపురారం చుట్టుపక్కల నాట్లు మొదలయ్యాయంటే బాలనర్సమ్మ గొంతు వినిపించాల్సిందే. కాలువకు నీళ్లొచ్చిన సంగతి పేపర్లో చదివి తెలుసుకునేవాళ్లు ఎక్కడన్నా ఉంటారేమో గానీ, మా దగ్గర ఆమె పాట విని తెలుసుకుంటారు. మనిషి చూస్తే బక్కపలచన. గొంతు మాత్రం రైసుమిల్లు సైరన్. ఆడవాళ్లంతా మడిలో వరసగా వంగి, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ నారు పెడుతుంటే ఈమె ఒక పాదం పాడుతుంది. మిగతావాళ్లు అదే పాదాన్ని తిరిగి పాడతారు. పాట ఆగిందా, చేతులూ ఆగుతాయి. అందుకే రైతులు కూలీలను పిలిచేటప్పుడు ఎంతమంది వస్తారని అడగరు, బాలనర్సమ్మ వస్తదా అని అడుగుతారు.

ఆమెకు ఒకటే లోపం. నిలబడితే పాట రాదు.

ఇది అబద్ధమనుకుంటే మా ఊరి భద్రు కూతురి పెండ్లికి వచ్చిన వాళ్లనెవరినైనా అడగండి. ఆ పెండ్లిలో ఈమెను బతిమాలి మైకు ముందు నిలబెట్టారు. మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని, కరెంటు స్తంభంలా నిలబడిపోయింది. ఒక్క ముక్క రాలేదు. జనం ఈలలు వేశారు. చివరికి చీర కుచ్చిళ్లు దోపుకుని నడుము వంచింది. అంతే, పాట ధారలా వచ్చేసింది. మైకువాడు స్టాండు తీసేసి మైకును నేల మీద పెట్టాడు. అయితే వంగింది ఊరుకుంటుందా, పాదానికో అడుగు వెనక్కి వేసుకుంటూ పోయింది. మైకువాడు ఆమె వెనకాలే వైరు లాక్కుంటూ వెళ్లాడు. రెండో పాట అయ్యేసరికి ఆమె పందిరి దాటి వంటవాళ్ల దగ్గరికి చేరుకుంది. పాట బాగుందని సాంబారు వండేవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఇక మనవరాలి సంగతి. కొడుకు శ్రీను కోదాడ పక్కన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. కోడలు కళ్యాణి కోదాడ పిల్లే, అక్కడే పెద్ద బట్టల షాపులో బిల్లింగు కౌంటర్లో కూర్చుంటుంది. ఆదివారం ఆ షాపులో కాలు పెట్టే సందుండదు. అందుకని శనివారం సాయంత్రం శ్రీను నాలుగేళ్ల పూర్ణిమను బస్సెక్కించి మిర్యాలగూడ బస్టాండుకు తెచ్చేవాడు. బాలనర్సమ్మ ఇటు నుంచి ఆటోలో వెళ్లి పిల్లను తెచ్చుకునేది. మళ్లీ సోమవారం పొద్దున అదే బస్టాండులో అప్పగింతలు. ఆ ఆదివారం కోసమే ఆమె మిగతా వారమంతా బతికేది.

ఆమెకు పిల్లల పాటలు రావు. వచ్చినవన్నీ నాటు పాటలే. నాటు పాటలంటే మీకు తెలిసిందే కదా, అత్తను తిట్టేవి, మొగుణ్ణి దెప్పేవి, కల్లు తాగినవాణ్ణి కడిగేసేవి. పూర్ణిమకు వాటితోనే అన్నం తినిపించేది. ఇద్దరూ వాకిట్లో ఎదురెదురుగా వంగి, పాదానికో అడుగు వెనక్కి, అడుగుకో ముద్ద. అంత దూరం నుంచి ముద్ద ఎట్లా అందేదని అడక్కండి, ముద్ద టైముకు ఇద్దరూ పరుగెత్తుకొచ్చి కలిసేవాళ్లు. కోదాడలో అన్నం పళ్లెం చూస్తే ఏడ్చే పిల్ల ఇక్కడ రెండోసారి అడిగి తినేది.

జూన్‌లో కొంప మునిగింది. పూర్ణిమను బడిలో వేయడానికి శ్రీను, కళ్యాణి వెళ్లారు. కోదాడలో అదో ఇంగ్లీషు మీడియం బడి. మేడం ముద్దుగా చెంపలు పట్టుకుని, ఏదీ, నీకొచ్చిన రైమ్ ఒకటి చెప్పు అంది. పూర్ణిమ కుర్చీ దిగింది. గౌను ఎగదోసింది. నడుము వంచింది. వెనక్కి అడుగులు వేస్తూ ఎత్తుకుంది:

"ముసలోణ్ణి నేనొల్లనమ్మో — లారీ ఎక్కి పోతనే
ముక్కుపొడి కంపమ్మో — లారీ ఎక్కి పోతనే"

ఆ గదిలోనే ఓ మూల సోఫాలో బడి కరస్పాండెంటుగారు కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. అప్పుడే జేబులోంచి ముక్కుపొడి డబ్బా తీశాడట, మెల్లగా మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. పిల్ల వెనక్కి వెనక్కి వెళ్లి ఆయన మోకాళ్లకు తగిలి ఆగింది. కళ్యాణి మొహం కొంగులో దాచుకుందామంటే ఆ రోజు చుడీదార్ వేసుకుంది. శ్రీను గోడమీద ఉన్న భారతదేశం మ్యాపును చాలా శ్రద్ధగా చూశాడు.

సీటు వచ్చింది, అది వేరే సంగతి. తర్వాతి చరణం ఏమిటని కరస్పాండెంటుగారే అడిగాడంటారు కొందరు. శ్రీను అది కాదంటాడు, కానీ నవ్వుతూ కాదంటాడు.

కళ్యాణికి మాత్రం నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే అత్తకు ఫోన్ చేసింది. అరవలేదు. కోడలు అరిచే రకం కాదు, బిల్లు చదివినట్టు ఒక్కొక్కటే చెబుతుంది.

"అత్తయ్యా, మీ పాటలంటే నాకు కోపం లేదు. కానీ నాలుగేళ్ల పిల్ల మొగుణ్ణి వదిలేసి లారీ ఎక్కుతానంటే ఎవరైనా ఏమనుకుంటారు?"

"దానికి మొగుడే లేడు గదనే కళ్యాణీ. లేనోణ్ణి ఇడిసిపెట్టుడేంది?"

 కళ్యాణి తన షరతు చెప్పింది. పిల్ల వయసుకు తగ్గ పాట ఒకటి అత్త వెతకాలి. అది పదిమందిలో పాడినా తల దించుకోనక్కర్లేని పాట అయ్యుండాలి. దాన్ని పూర్ణిమ ఎవరూ అడక్కుండా తనంతట తాను పాడాలి. అప్పుడు ఆదివారాలు మళ్లీ అత్తవే. అప్పటిదాకా కింది వాటాలో ఉండే ఆవిడ పిల్లను చూస్తుంది, వాళ్లింట్లో టీవీ కూడా ఉంది.

ఆ ఆదివారం బాలనర్సమ్మ పిల్ల తినే చిన్న స్టీలు పళ్లేన్ని ఊరికే కడిగి, ఊరికే తుడిచి, మళ్లీ గూట్లో పెట్టింది. తర్వాత లేచి పాటల వేటకు బయలుదేరింది.

మొదట పక్కింటి లత దగ్గరికి వెళ్లింది. లత మిర్యాలగూడలో డిగ్రీ చదువుతుంది, ఫోన్‌లో పిల్లల ఇంగ్లీషు పాటలు పెట్టి చూపించింది. బాలనర్సమ్మ కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని చూసింది. ఒక బాతు బస్సు నడుపుతోంది. దానికి లైసెన్సు ఎవరిచ్చారని అడిగింది. ఒక పంది కోటు వేసుకుంది. ఈ ఎండల్లో దానికి కోటెందుకని జాలిపడింది. పాట ఎట్లా ఉందని లత అడిగితే, కుదరదని తేల్చేసింది. ఆ దరువు గెంతుతూ పోతుందట, దానికి నాటు వేస్తే నారు మడిలో పడదు, గట్టు మీద పడుతుందట. అయినా పిల్ల కోసమని వీడియో కాల్‌లో ఆ పాట వినిపించారు. పూర్ణిమ నోరు తెరుచుకుని బాతును చూసింది గానీ నోట్లోంచి ఒక్క అక్షరం రాలేదు. బాతు వెళ్లిపోయాక, నానమ్మ ఎప్పుడు పాడుతుందని అడిగింది.

తర్వాత సూర్యాపేట. అక్కడ ఏసుబాబు అని ఒకడు మైకు సెట్టు నడుపుతాడు, బాలనర్సమ్మతో నాటుకొచ్చే సత్తెమ్మకు అన్న కొడుకు. వాడి దగ్గర లేని పాట లేదని సత్తెమ్మ చెప్పింది. బస్సు మారి, ఎండన పడి వెళితే ఏసుబాబు కూల్ డ్రింకు తెప్పించి, మర్యాదగా కూర్చోబెట్టి, ఫంక్షనేంది పెద్దమ్మా అని అడిగాడు. ఫంక్షనేం లేదు, పిల్ల పాడుకోవాలి అంది. వాడికి అర్థం కాలేదు. వాడి దగ్గర పాటలన్నీ ఫంక్షన్ల వారీగా ఉంటాయి. పెండ్లికి వేరు, బారాత్‌కు వేరు, ఓట్లకు వేరు, వినాయకుడికి వేరు, క్రిస్మస్‌కు వేరు, చావుకు వేరు. ఏ ఫంక్షనూ లేకుండా మనిషి ఊరికే పాడుకుంటాడన్నది వాడి వ్యాపారంలో ఇంతవరకూ ఎదురుకాలేదు. బాగా ఆలోచించి, పిల్లలంటే బర్త్‌డే అనుకుని, బర్త్‌డే పాట పెట్టాడు.

ఆ డబ్బాల మోతకు బల్ల మీది కూల్ డ్రింకు సీసా నడుచుకుంటూ అంచుదాకా వెళ్లింది. బాలనర్సమ్మ ఒక చేత్తో సీసాను, ఇంకో చేత్తో గుండెను పట్టుకుంది. జర తగ్గించమని సైగ చేసింది. తగ్గించడం రాదని ఏసుబాబు సైగ చేశాడు, ఆ డబ్బాకు ఉన్నవి రెండే, బంద్ అయినా ఉంటుంది, ఫుల్ అయినా ఉంటుంది. పోతూ పోతూ ఖాళీ చేతులతో పంపడం బాగుండదని ఆ పాటలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే దాన్ని గుచ్చడానికి ఇంట్లో చోటే లేదు. పొయ్యి, మంచం, బియ్యం డబ్బా, సంచిలో ఒక చిన్న ఫోను, ఇవే కదా ఉన్నది. చివరికి తాళంచెవుల గుత్తికి తగిలించింది. చూసినవాళ్లు ఏ బండి కొన్నావని అడగడం మొదలుపెట్టారు.

ఇట్లా కాదని సత్తెమ్మే ముందుకొచ్చింది. చర్చిలో పిల్లలకు నేర్పే పాట ఒకటి నేర్పింది. మంచి పాట, చక్కని మాటలు, ఒక్క తప్పు పట్టడానికి లేదు. కానీ దాన్ని నిలబడి, చేతులు పైకెత్తి పాడాలి. బాలనర్సమ్మ నిలబడింది, చేతులెత్తింది, గొంతు మూగబోయింది. వంగి పాడబోయింది. సత్తెమ్మ చేతులు ఆకాశంలో, ఈమె చేతులు నేల మీద. సత్తెమ్మ ముందుకు, ఈమె వెనక్కి. ఒకే పాట పాడుతూ ఇద్దరూ వీధికి అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు తేలారు. అక్కడ నుంచే సత్తెమ్మ కేకేసింది.

"అక్కా, నువ్వు పాట మార్సకు. నీ పాటే పాడు. మాటలు కడుగు."

ఈ ముక్క బాలనర్సమ్మకు నచ్చింది. ఆ రాత్రి కూరగాయలు తరుగుతూ మాటలు కడిగింది. ముసలోణ్ణి తీసేసింది, లారీ తీసేసింది. వంకాయ మంచిది, టమాట మంచిది, బెండకాయ మంచిది, అందరూ కలిసి ఒక బుట్టలో ఉన్నారు అని కట్టింది. తనకే ఆవలింత వచ్చింది గానీ, మంచి పాట అంటే ఇట్లాగే ఉంటుందేమో అనుకుంది.

తెల్లారి లత ఫోన్‌ను అడిగి తెచ్చుకుని, బియ్యం డబ్బాకు ఆనించి వీడియో కాల్ చేసింది. వంగి పాడుతూ వెనక్కి నడిచింది. గది చిన్నది, పాట పెద్దది. రెండో చరణానికి వాకిట్లోకి వెళ్లిపోయింది. కోదాడలో ఫోన్ చూస్తున్నవాళ్లకు ఖాళీ గది, అందులో తిరిగే కోడి, దూరం నుంచి ఒక గొంతు. పాట అయ్యాక పరుగున వచ్చి ఎట్లున్నది బిడ్డా అని అడిగింది.

పూర్ణిమ బాగా ఆలోచించింది. "నానమ్మా, ఇందుల ఎవ్వరు ఎవ్వర్ని ఒల్లనంటలేరా?"

బాలనర్సమ్మకు అప్పుడు వెలిగింది. పిల్లకు కావాల్సింది ముసలోడూ కాదు, లారీ కూడా కాదు. కొట్లాట. బుట్టలో అందరూ కలిసుంటే ఇంక పాడటానికి ఏముంటుంది. వెంటనే మళ్లీ వంగింది, అక్కడికక్కడే కట్టింది:

"కాకరయ్య నేనొల్లనమ్మో — బజ్జీ బండెక్కి పోతనే
ఒళ్లంత మొటిమలమ్మో — బజ్జీ బండెక్కి పోతనే"

ఇది వంకాయ పాడుతోందన్నమాట. చేదు మొగుణ్ణి వదిలేసి బజ్జీల బండి ఎక్కి పోతోంది. పూర్ణిమ కెవ్వుమని నవ్వింది. కోదాడలో పిల్ల వంగింది, వెనక్కి నడిచింది, మంచం కోడు తగిలిందాకా నడిచింది. కళ్యాణి వంటింట్లోంచి చెవి పెట్టి విన్నది. మొగుడు లేడు, లారీ లేదు, కల్లు లేదు. ఉన్నవన్నీ కూరగాయలే. తప్పు ఎక్కడుందో వెతికింది గానీ దొరకలేదు.

దొరకలేదు గానీ తిప్పలు మొదలయ్యాయి. పూర్ణిమ ఎవరూ అడక్కుండానే ఆ పాట మెట్ల మీద పాడింది, బడి వ్యానులో పాడింది. కింది వాటా ఆవిడ కాకరకాయ పులుసు ఇస్తే ఆమె ముందే పాడింది. షరతు ప్రకారం చూస్తే అత్త గెలిచినట్టే. అయినా కళ్యాణికి అనుమానం పోలేదు. ఫోన్‌లో విన్నది వేరు, అక్కడ జరిగేది వేరు అనుకుంది. పంద్రాగస్టుకు షాపులో సెలవు అడిగింది. పిల్లను తీసుకుని తానే వస్తానని, కళ్లారా చూసి ఆదివారాల సంగతి అప్పుడు చెబుతానని కబురు చేసింది. సత్తెమ్మకు ఆ మాట చెప్పేటప్పుడు బాలనర్సమ్మ గొంతు తగ్గిపోయింది. అంత గొంతు తగ్గడం మేమెవరమూ అంతకుముందు చూడలేదు.

పంద్రాగస్టు నాడు నాట్లు జోరు మీదున్నాయి. బడిలో జెండా ఎగరేసి, చాక్లెట్ తీసుకుని, తల్లీ కూతుళ్లు మధ్యాహ్నానికి దిగారు. ఇంటికి తాళం ఉంది. పొలానికే వచ్చారు. కళ్యాణి హ్యాండ్‌బ్యాగు భుజానికి వేసుకుని, చెప్పులకు బురద అంటకుండా గట్టు మీద ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తోంది. పూర్ణిమకు ఆ ఆలోచన లేదు. గౌను మీది కాగితం జెండాతో సహా మడిలోకి దూకింది. నానమ్మ పక్కన వంగింది. ఎవరో చేతిలో రెండు నారు పరకలు పెట్టారు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నాటు వేసేటప్పుడు గట్టు మీదికి ఎవరైనా మంచి బట్టలతో వస్తే ఆడవాళ్లు ఊరికే పోనివ్వరు. వాళ్ల మీద పాట కడతారు. ఆ మనిషి ఏదో ఒకటి ఇవ్వాలి, లేదా పాటకు పాట తిరిగి చెప్పాలి. రెండూ చేయకపోతే చేతులు ఆగిపోతాయి, నాటు సాగదు. ఊరి పెద్దలైనా, వ్యవసాయం ఆఫీసరైనా అంతే. కోడలిని మాత్రం వదిలేయాలని ఆ రోజు బాలనర్సమ్మ అందరికీ ముందే దండం పెట్టి చెప్పింది. అందరూ సరేనన్నారు. పిల్లకు చెప్పడం మాత్రం మరిచిపోయింది.

పూర్ణిమ తలెత్తి గట్టు వైపు చూసింది. ఎత్తుకుంది:

"గట్టు మీది కళ్యాణమ్మో — ఏమిచ్చి పోతవే"

నాటు పాట లెక్క ఒకటే. ముందు ఎవరు పాడితే వెనక అందరూ అది పాడాల్సిందే, పాడేవాళ్ల వయసు చూడరు. ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో తిరిగి పాడారు. బాలనర్సమ్మ గబుక్కున పిల్ల వైపు జరిగింది. మనవరాలి చెవిలో కాకరయ్య, కాకరయ్య అని గొణిగింది. పిల్ల వినే స్థితిలో లేదు.

"బ్యాగు నిండ బిల్లులమ్మో — ఏమిచ్చి పోతవే
ఉప్మా తప్ప రాదమ్మో — ఏమిచ్చి పోతవే"

ఉప్మా దగ్గరికొచ్చేసరికి వెనక గొంతులు నవ్వుతో చెల్లాచెదరయ్యాయి. అయినా పాదం పూర్తి చేశారు. తర్వాత చేతులన్నీ ఆగిపోయాయి. మడి మొత్తం గట్టు వైపు చూస్తోంది. బాలనర్సమ్మ మాత్రం నీళ్ల వైపు చూస్తోంది. ఆదివారాలు అందులో మునిగిపోయినట్టే ఉంది ఆమె మొహం.

కళ్యాణి బ్యాగు జిప్పు తీసింది.

"పైసలొద్దు బిడ్డా," అంది సత్తెమ్మ. "చిన్నపిల్ల అడిగింది, పాటకు పాటనే చెప్పాలె."

కళ్యాణి జిప్పు వేసింది. బ్యాగు ఇంకో భుజానికి మార్చింది. కూతురి వైపు చూసింది. మోకాళ్ల దాకా బురద, నెత్తి మీద ఒక నారు పరక, జవాబు కోసం నోరు తెరుచుకుని చూస్తోంది. కళ్యాణి గొంతు సవరించుకుంది. రాగం ఉందని చెప్పలేం, టోకెన్ నంబరు పిలిచినట్టే ఉంది, కానీ దరువు తప్పలేదు.

"ఆదివారం ఆదివారం — పిల్లనిచ్చి పోతనే
పేలు దువ్వి పంపాలత్తో — పిల్లనిచ్చి పోతనే"

 మడిలో చేతులు కదిలాయి, నారు మునిగింది, వెనక్కి ఒక అడుగు పడింది. పేలు దువ్వి పంపాలత్తో అని ఆడవాళ్లంతా గొంతెత్తి పాడారు, కాలువ అవతలి మడి దాకా వినబడేట్టు. బాలనర్సమ్మ పాడలేదు. సత్తెమ్మ మోచేత్తో ఒక్కటి పొడిచింది. లెక్క లెక్కే కదా. తన మీది మాటైనా తను తిరిగి పాడాల్సిందే. నడుము ఇంకాస్త వంచి, అందరికంటే గట్టిగా పాడింది. అంత సంతోషంగా తన తిట్టు తానే పాడుకున్న మనిషిని మేము ఆ రోజే చూశాం.

గట్టు మీద కళ్యాణి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. రుచి మరిగింది. రెండో చరణం ఎత్తుకుంది, అది బాలనర్సమ్మ పప్పులో ఉప్పు గురించి.